తడి పసుపుతాడు

ఎనభైల మొదట్లో అమ్మ కుడిభుజం పట్టేసింది. చేయి చెవి దాకా కూడా లేచేది కాదు. తన కొప్పు తాను ముడుచుకోలేకపోయేది, నా జడ వెయ్యలేకపోయేది. డిగ్రీ చదువుతున్నా నాకు అమ్మ చేతి జడే అలవాటు. నానమ్మ వేస్తే కళ్లు పైకి లాగేంత బిగుతు.

పెద్దాసుపత్రిలో కరెంటు వైద్యం గదికి అమ్మను నేనే తీసుకుపోయేదాన్ని. అక్కడ రెండు మిషన్లు. చిన్నదానికి తడి స్పాంజి బిళ్లలుండేవి. వాటిని భుజానికి కట్టి కరెంటు పెడితే, "చీమలు పారినట్టున్నదే" అని అమ్మ నవ్వేది. బస్సెక్కి హన్మకొండలో మా ఇల్లు చేరేసరికి ఆ హాయి పోయేది. పెద్ద మిషను లోపలికంటా వేడి చేస్తుందనీ, అమ్మకు అదే నయమనీ వైద్యం చేసే అక్క మొదటే చెప్పింది. కాని ఒంటిమీద లోహం ఉండకూడదు. అమ్మ గాజులు తీసింది. పుస్తెలతాడు మాత్రం గుప్పిట పట్టుకుని, "నాకు చీమలే మంచిగున్నయి" అంది.

తిడుతుందేమోనని భయపడుతూనే ఆ సంగతి నానమ్మ చెవిన వేశాను. ఆమె అమ్మకేసి తిరిగింది. "పిచ్చిదానా, చెయ్యి పడిపోతే నా కొడుకుకు బువ్వెవరు పెడ్తరు? పసుపుకొమ్ము కట్టుకొని పుస్తెలు నాకియ్యి."

మరునాడు మాతో తనూ వచ్చింది. ఆసుపత్రి వరండాలో దారానికి పసుపు తడిపి పూసి, కొమ్ము కట్టి, అమ్మ మెడలో ముడివేసింది. ఆ తరువాతే పుస్తెలు తీసి తన కొంగున ముడేసుకుంది. అక్క చూసి నెత్తి పట్టుకుంది.

"అయ్యో అవ్వా, తడి కూడ ఉండొద్దు! తడి ఉన్నకాడ కాలుతది."

"మరి మొదలే చెప్పద్దా బిడ్డా?"

"నువ్వు పసుపునీళ్లల్ల ముంచుకొస్తవని నాకేం తెలుసు?"

అమ్మను ఎండలో మెట్లమీద కూర్చోబెట్టాం. తాడు విప్పడానికి లేదు. నానమ్మ దాన్ని మెడకు ఎడంగా పట్టుకుని ఊదుతుంటే, నేను పుస్తకంతో విసిరాను. "చదివింది చాలు గని, గట్టిగ ఊపు" అంది నానమ్మ. దారం ఆరాక మిషను పెట్టారు. అమ్మ కళ్లు మూసుకుంది. "ఎండల ఆరేసిన బొంత కప్పినట్టున్నది" అంది. తిరుగు బస్సులో అమ్మ, నానమ్మ భుజంమీద తలవాల్చి నిద్రపోయింది.

వేడి ఒక్కటే చేతిని లేపలేదు. నొప్పి తగ్గి, అక్క చెప్పినట్టు వేళ్లను గోడమీద పైపైకి పాకించడం చేతనైంది. వంటింటి సున్నపుగోడమీద అమ్మ పసుపు వేలిముద్రలు రోజురోజుకూ పైకి పోయాయి.

అవి నా తల దాటిన నాడు, "రావే, కూసో" అని పిలిచింది. ఆ జడ ఎంత వదులంటే, కాలేజీ చేరేసరికి సగం ఊడింది. సాయంత్రం దాకా అలాగే ఉంచుకున్నాను.