తెర మీద మొదటి వరుస

కడపలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లలో కొందరు ఇప్పటికీ నన్ను మోసగాడనే అనుకుంటారు. మొహం మీద అనరు. బస్టాండులో ఎదురైతే టీ కూడా ఇప్పిస్తారు. కానీ నేను కంప్యూటరు సంగతి ఎత్తగానే మాట మారుస్తారు. అసలు జరిగిందేమిటో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆ రెండో మనిషి చెప్పడు. అందుకని నేను రాసి పెట్టాలి. గ్రంథాలయం బల్లల మీద చదువుకున్నవాణ్ని కాబట్టి, అచ్చులో ఉన్న మాటకు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు విలువ ఇస్తారని నాకింకా నమ్మకం. ఇందులో ఎవరి పేరూ రాయను. పేరు మార్చడం ఎంత సులువో దగ్గరగా చూసినవాణ్ని.

రెండువేలు దాటి ఐదారేళ్లయిన రోజులవి. డిగ్రీ మధ్యలో వదిలేసి కర్నూలులో ఒక కంప్యూటర్ల కొట్లో పనికి కుదిరాను. సీపీయూలు బిగించడం నా పని. కొట్టు యజమానిని అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన నన్ను తమ్ముడిలాగే చూసేవాడు. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారియర్ వస్తే నాకు పెట్టకుండా తినేవాడు కాదు.

సాయంత్రం కొట్టు నుంచి నేరుగా గ్రంథాలయానికి పోయేవాణ్ని. అక్కడ ఒక మూల అలమరాలో ఎవరో దానమిచ్చిన ఇంగ్లిషు కంప్యూటరు పుస్తకాలు ఉండేవి. అట్టలు ఊడినవి, మధ్యలో కాగితాలు లేనివి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ కుస్తీ పట్టేవాణ్ని. కాలేజీ పూర్తిచేసినవాళ్లకు తెలియనివి నాకు అలా తెలిశాయి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

అలా తెలిసినవాటిలో ఒకటి గ్రాఫిక్స్ కార్డు సంగతి. కంప్యూటరులో బొమ్మను తెర మీదికి పంపే పలక అది. దాని మీద ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఆ కార్డు పేరేమిటి, ఎంత వేగంతో పనిచేయాలి, ఫ్యాను ఎంత జోరుగా తిరగాలి, ఇవన్నీ ఆ చిప్పులో రాసి ఉంటాయి. ఆ రాతనే ఫర్మ్‌వేర్ అంటారు. కంప్యూటరు ఆన్ చేయగానే, మిగతావన్నీ లేవకముందే, ఆ కార్డు తన పేరు తెర మీద చూపిస్తుంది. రెప్పపాటు కనిపించి పోతుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు. ఆ రాతను చెరిపి మనకు కావలసినట్టు మళ్లీ రాయవచ్చని పుస్తకంలో చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

దాని అవసరం ఎండాకాలంలో వచ్చింది. మా కొట్టుకు ఎక్కువగా వచ్చేది పెళ్లి వీడియోలను కత్తిరించి, పాటలు కలిపే మిక్సింగ్ పనివాళ్లు. నందికొట్కూరు నుంచి రాజంపేట దాకా అందరివీ ఒకే రకం గదులు. మిద్దె మీద రేకుల షెడ్డు, దుమ్ము రాకుండా మూసిన కిటికీలు. ముహూర్తాలన్నీ ఎండల్లోనే. పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రం దాకా నడుస్తుంటే కార్డు సెగలు కక్కి, తలంబ్రాల మధ్యలో పెళ్లికూతురి మొహం మీద పచ్చ గళ్లు పడేవి. ఆ తర్వాత కంప్యూటరు బిగుసుకుపోయేది. ఆ కార్డులు తయారుచేసినవాళ్లు మే నెలలో కర్నూలు చూసి ఉండరు.

నేను ఒక కార్డులోని రాతను ఫ్లాపీలోకి తీసుకున్నాను. వేగం కొంచెం తగ్గించాను. ఫ్యాను మొదటి నుంచీ పూర్తి జోరుతో తిరిగేలా మార్చాను. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ రాతలోని అంకెలన్నీ కూడితే చివర సున్నా రావాలి. ఎక్కడ ఏది మార్చినా ఇంకోచోట దానికి సరిపడా సర్దాలి. ఆ సర్దుబాటు నాకు మొదట తెలియలేదు. మొదటి కార్డు చచ్చిపోయింది, తెర నల్లగా ఉండిపోయింది. తల వంచుకుని అన్నకు చెప్పాను.

"సచ్చింది సచ్చింది, దాని కర్మ. ఇంగొకటి తీస్కో" అన్నాడు అన్న. "నువ్వు మాత్రం సదవడం మానొద్దు. మన కొట్లో ఒకడన్నా సదివినోడు ఉండల్ల."

తర్వాత అలమరాలో దొరికిన ఒక పుస్తకం చూసి, పక్క స్లాటులో పాత కార్డు ఒకటి గుచ్చి, దాని సాయంతో తెర చూస్తూ చచ్చినదానికి అసలు రాత మళ్లీ ఎక్కించి బతికించాను. ఆ ఏడాది నుంచి ఎండాకాలంలో మా కొట్లో అమ్మే ప్రతి కార్డుకూ ఆ రాత ఎక్కించిన తర్వాతే బిగించేవాళ్లం. మేం దాన్ని ఎండాకాలం ఫైలు అనేవాళ్లం. కార్డు పేరు కింద తయారుచేసినవాళ్ల మాట ఒకటి ఉండే వరుసలో, ఉన్న అక్షరాల చోటులోనే పట్టేలా, ఇంగ్లిషు లిపిలో "కర్నూలు వేసవి" అని రాశాను. ఎక్కడో కడపలోనో నంద్యాలలోనో ఎవరో మీట నొక్కితే రెప్పపాటు మా ఊరి పేరు వెలుగుతుందని తలచుకుంటే భలే సంతోషంగా ఉండేది.

ఇంకొకటి కూడా అలవాటు చేశాను. అప్పట్లో పెద్ద ఊళ్ల నుంచి వచ్చే డబ్బాల మీద ఒక పేరు, లోపల ఇంకో సరుకు ఉండేది. కొనడానికి వచ్చినవాళ్లకు నేను ఒకటే చెప్పేవాణ్ని. డబ్బా మీది అంటింపు కాగితాన్ని నమ్మొద్దు, ఆన్ చేయగానే తెర మీద పడే మొదటి వరుస చదవండి, కార్డు తన పేరు తానే చెబుతుంది అని. కొన్నాళ్లకు అది ఈ ప్రాంతపు మిక్సింగ్ వాళ్లందరికీ ఆచారమైపోయింది. ఎవరు కొన్నా మెడ చాచి తెర దగ్గర నిలబడేవాళ్లు. వరుస దాటిపోతే "కనపళ్యా, మళ్లా ఎయ్యప్పా" అనేవాళ్లు. మళ్లీ ఆర్పి వెలిగించేవాణ్ని.

ఈ ఆచారాన్ని కడపకు మోసుకుపోయింది అక్కడి ఒక స్టూడియో యజమాని. ఆయన్ను భాయ్ అనేవాణ్ని. కడపలో, రాజంపేటలో తనకు తెలిసిన స్టూడియోల వాళ్లందరినీ మా కొట్టుకే పంపేవాడు. "కర్నూల్లో ఒక సదువుకున్న పిల్లోడుండాడు, వాని మాట మీద కళ్లు మూసుకోని కొనుక్కోవచ్చు" అని చెప్పేవాడట.

ఫైలు మార్చే పని అన్న కూడా నేర్చుకున్నాడు. నేనే నేర్పాను. నా పక్కన స్టూలు వేసుకుని, ఏ అంకె దేనికి, పేరు ఎక్కడుంది, చివర సున్నా ఎలా తెప్పించాలి అని అడిగి అడిగి తెలుసుకున్నాడు. చదువంటే అలా పంచుకునేదని నా ఉద్దేశం. నేను సర్వీసు పని మీద పక్క ఊళ్లకు పోయినప్పుడు కొట్లో కార్డులు ఆయనే సిద్ధం చేసేవాడు.

ఆ తర్వాతి ఎండాకాలం మధ్యలో భాయ్ ఫోను చేశాడు. "ఒకసారి ఈడికి వచ్చి పోప్పా" అన్నాడు. గొంతులో ఎప్పటి నవ్వు లేదు.

మైదుకూరు మీదుగా కడప బస్సెక్కాను. స్టూడియో గదిలో నాపబండ పరిచిన నేల మీద సీపీయూ పెట్టి ఉంది, ఆ బండ చల్లదనమన్నా దానికి తగులుతుందని. తెర మీద ఒక నిఖా వీడియో ఆగిపోయి ఉంది, పెళ్లికొడుకు మొహం మీద వేలాడే పూల సెహ్రా నిండా పచ్చ గళ్లు.

"పెద్ద కార్డు కావాలంటి. మీ అన్న పెద్ద కార్డే ఇచ్చె. పాతదే మేలుగా ఉండ్య" అన్నాడు భాయ్. "రాజంపేటోళ్లకూ ఇదే రోగం."

ఆర్పి వెలిగించాను. నేను నేర్పిన పద్ధతే, మెడ చాచి చూశాను. మొదటి వరుసలో ఖరీదైన కార్డు పేరు పడింది. దాని కింద "కర్నూలు వేసవి" అని పడింది.

మూత విప్పి కార్డు బయటికి తీశాను. మెమరీ చిప్పుల మీద చెక్కిన నంబర్లు చదివాను. అది చిన్న కార్డు. మేం ఎప్పుడూ అమ్మే మామూలు రకం. దాని రాతలో పేరు మార్చి, పెద్ద కార్డులా పరుగెత్తడానికి వేగం పెంచారు. సెగ తట్టుకోవడానికి నేను చేసిన పనిని సరిగ్గా తలకిందులు చేశారు. కార్డు చేతిలో పట్టుకుని ఆ బండ మీదే కూర్చున్నాను.

భాయ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇది చిన్న కార్డని, తెర మీది పేరు అబద్ధమని.

ఆయన కార్డు నా చేతిలోంచి తీసుకున్నాడు. "డబ్బా మీద రాసింది నమ్మొద్దంటివి. తెర మీద రాసింది నమ్మమంటివి. ఇప్పుడు దాన్ని గూడా నమ్మొద్దంటాండావా?"

"ఇది నేను చేసింది కాదు భాయ్."

"నేనేమన్నా అంటినా? కింద ఉండే రాత ఎవురిదప్పా?"

"అది నాదే. పైది కాదు."

ఆయన తల ఊపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు.

కర్నూలుకు తిరిగి వచ్చేసరికి అన్న కొట్లో ఒక్కడే ఉన్నాడు. కార్డు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు.

"వాళ్లకు కావాల్సింది పేరు. ఇచ్చినా" అన్నాడు. "తెర మీద సూసుకోనే కదా కొనింది? నేనేమన్నా కండ్లు మూసినానా?"

"అట్ల చూడమని నేర్పింది నేను కదన్నా."

"మంచిగ నేర్పినావు. డబ్బా సూపిస్తే ఒక్కడు నమ్మడంల్యా."

"పేరు మార్చినావు, వేగం మార్చినావు. నా వరుస ఒక్కటి ఎందుకు ఉంచినావు?"

దానికి మాత్రం ఆయన నా మొహం చూశాడు. నవ్వాడు కూడా. "నీ పని గదప్పా. నీ పేరు జెరిపేస్తే బాగుంటాదా?"

ఆ నవ్వులో నాకంతా అర్థమైంది. కార్డు పేరు ఉన్న చోటూ నా వరుస ఉన్న చోటూ ఆ ఫైలులో ఒకదాని కింద ఒకటి. పై వరుస మార్చినవాడికి కింది వరుస కనిపించకుండా పోదు. మరిచిపోయి వదలలేదు. కావాలని ఉంచాడు. ఎప్పుడైనా మాట వస్తే ఆ మాట ఎవరి మీద పడాలో ముందే రాసి ఉంచాడు.

మాట రానే వచ్చింది. కడప నుంచి, రాజంపేట నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ప్రతి ఫోనుకూ ఆయన ఒకే జవాబు చెప్పేవాడు. "ఆ రాతలు మార్చే పని నాకేం తెల్సప్పా. మా కాడ వచ్చింది ఒక్కనికే, మీకూ తెల్సు గదా వాడెవడో." నేను పక్కనే ఉండగానే చెప్పేవాడు. ఇంటి క్యారియర్ తెరిచి నా ముందుకు కూడా తోసేవాడు. రెండు మూడు సార్లు అది విన్నాక ఆ కొట్లో నాకు అన్నం దిగలేదు. నా ఫ్లాపీలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆ ఫ్లాపీల్లో ఒకటి నన్ను కాపాడుతుందనుకున్నాను. ఏ రకం కార్డును ముట్టుకున్నా దాని అసలు రాతను ముందుగా దాచుకోవాలని పుస్తకంలో ఉంది. నేను దాచాను. భాయ్‌కు ఫోను చేసి, రాజంపేట వాళ్లను కూడా పిలవమన్నాను. అందరి కళ్ల ముందు ఆ కార్డులకు అసలు రాత ఎక్కిస్తాను, ఏది నిజమో మీరే చూడండి అన్నాను.

భాయ్ గదిలో నలుగురైదుగురు చేరారు. మొదటి కార్డు గుచ్చి ఆన్ చేశాను, పెద్ద పేరు పడింది. ఫ్లాపీ పెట్టి రాత మార్చాను. ఆర్పి వెలిగించాను. చిన్న కార్డు అసలు పేరు పడింది. కింద నా వరుస కూడా పోయి తయారీవాళ్ల మాట వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అలాగే చేశాను. ఎక్కడా తప్పు పోకుండా చేశాను. నా జీవితంలో అంత శుభ్రంగా పని చేసిన రోజు లేదు.

చివరిది అయ్యాక రాజంపేట నుంచి వచ్చిన స్టూడియో ఆయన తెర దగ్గరికి వంగాడు. "టకటకా మార్చేస్తివే. ఇంత బాగా యాడ నేర్చినావప్పా?"

"లైబ్రరీలో" అన్నాను. ఎప్పుడూ గర్వంగా చెప్పే మాటే.

"ఓహో. ఇవి గూడా నేర్పిస్తారా ఆడ."

మిగతావాళ్లు నవ్వారు. భాయ్ నవ్వలేదు. నేల వైపు చూశాడు. అప్పుడుగానీ నాకు తట్టలేదు. నిజం చూపిద్దామని వచ్చి నేను వాళ్లకు చూపించింది ఒక్కటే, పేర్లు మార్చడం నా చేతిలో పని అని. అన్న ఫోనులో చెప్పిన మాటకు నేను కడప దాకా బస్సెక్కి వచ్చి సాక్ష్యం ఇచ్చాను.

అసలు రాతతో ఆ చిన్న కార్డులు ఆ ఎండలకు ఆగవని నాకు తెలుసు. ఎండాకాలం ఫైలు ఎక్కించి పోతానని అడిగాను, నా వరుస లేకుండానే. భాయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "వద్దులేప్పా. ఎట్లుండేది అట్లనే ఉండనీ." ఆ వేసవంతా వాళ్లు సీపీయూ మూతలు తీసి పక్కన టేబుల్ ఫ్యాన్లు పెట్టుకున్నారని తర్వాత విన్నాను.

ఇక నాకు సాయపడినవాళ్లకు దండం పెట్టుకోవాలి. పేర్లు రాయకపోయినా చదివితే తమను తాము గుర్తుపడతారు. మూసే వేళయినా "ఆ పేజీ అయిపోనీలే" అని తాళాలు చేతిలో పట్టుకుని నిలబడిన లైబ్రేరియన్ సారుకు. ఆ పుస్తకాలు దానమిచ్చి, ముఖ్యమైన చోట్ల పెన్సిలుతో గీతలు గీసి ఉంచిన, నేనెన్నడూ చూడని మనిషికి. నమ్మకపోయినా రెండోసారి తన గదిలోకి రానిచ్చి, వచ్చేటప్పుడు బస్సు దాకా సాగనంపిన భాయ్‌కు.

అన్నకు కూడా. మొదటి కార్డు నా చేతిలో చచ్చిపోయినప్పుడు ఒక్క మాట అనకుండా ఇంకోటి చేతిలో పెట్టింది ఆయనే. ఆ రోజు ఆ మొహంలో కపటం లేదు, నేను దగ్గర నుంచి చూశాను. అది కూడా అబద్ధమే అయి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.