లెన్సుకు పూసిన కొబ్బరినూనె

ఎనిమిదేళ్ళుగా ఒక నూనె చుక్కను మోస్తున్నాను. వినడానికి నవ్వొస్తుంది కదూ? నవ్వే విషయమైతే ఇన్నాళ్ళూ దాచేదాన్ని కాదు. నోటితో ఎవరికీ చెప్పలేకపోయాను. అందుకే వయసు మళ్ళాక నేర్చుకున్న ఈ అక్షరాలతో మీకు చెబుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది పలివెల దగ్గర ఊరు. భర్త పోయాక అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. వంట నాదే. మేనకోడలు పురిటికి వచ్చినప్పుడు, మస్కట్‌లో ఉన్న భర్త కొనిచ్చిన లాప్‌టాప్ వెంట తెచ్చుకుంది. రోజూ భోజనాలయ్యాక అందులో పెళ్ళి సీడీ వేసేది. మొగుడి ముఖం చూసుకోవడానికి దానికి అదొక్కటే దారి. వదినా నేనూ పక్కన కూర్చునేవాళ్ళం.

కొన్నాళ్ళకు సీడీ పెట్టే సొరుగు బిగుసుకుపోయింది. కొత్తపేటలో సూర్యారావు గారని ఒక మెకానిక్ ఉండేవారు. రేడియోల కాలం నుంచీ అదే పని. ఏ సామాను బాగుచేసినా, ఏం చేశారో ఒక చీటీ మీద రాసి అడుగున అంటించి ఇచ్చేవారు. ఆయన దాన్ని బాగుచేసి పంపారు. సొరుగు వచ్చేది కానీ ఇంకా కాస్త కిర్రుమనేది.

మా ఇంట్లో కిర్రుమన్న దేనికైనా మందు ఒకటే. తలుపు బందులకు, కుట్టుమిషనుకు, బీరువా తాళానికి, అన్నిటికీ మా కాయల కొబ్బరినూనే. ఒకరోజు మేనకోడలు స్నానానికి వెళ్ళింది. సొరుగు తెరిచే ఉంది. దూది వత్తి నూనెలో ముంచి రెండు పక్కలా పూశాను. మధ్యలో గాజుపూసంత మెరిసే కన్నొకటి కనిపించింది. దాని మీద దుమ్ము. అదే వత్తితో దాన్నీ తుడిచాను, లాంతరు గాజు తుడిచినంత శ్రద్ధగా. మంచి పనే చేశాననుకున్నాను. అక్కడివరకు నాది తెలియనితనమే.

ఆ మధ్యాహ్నం నుంచి అది ఏ సీడీనీ గుర్తుపట్టలేదు. లోపల గిర్రున తిరిగేది, ఆగిపోయేది. "పెట్టిన సీడీనే మళ్ళీ పెట్టమంటందే!" అంటూ మేనకోడలు సీడీ తుడిచింది, లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. ఏడుపొక్కటే తక్కువ.

అన్నయ్య కబురు పెడితే సూర్యారావు గారు వచ్చారు. పాటల సీడీ ఒకటి, సినిమా సీడీ ఒకటి వేసి చూశారు. "డ్రైవు ఉన్నట్టే చూపిస్తందండి. సీడీనే చదవట్లేదు," అన్నారు. తర్వాత టార్చి వేసి, సొరుగు మీదికి వంగి, ఆ కన్ను దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు.

"దీనికెవరన్నా ఏవన్నా పూసేరాండీ?"

"ఏం పూస్తామండీ? పౌడరా, కాటుకా?" అంది వదిన. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ నా వైపు తిరిగారు. "మీరేవన్నా చూసేరాండీ, అక్కగారూ?"

"లేదండి. మీరిచ్చేక దాన్నెవరూ ముట్టుకోలేదండి."

ఆయన నా చేతుల వైపు చూశారు. "ఆయ్, అలాగేనండి."

స్పిరిటుతో తుడిచి చూశారు. లాభం లేకపోయింది. అప్పుడు అన్నయ్య అందుకున్నాడు.

"మస్కట్ సరుకు చూసేసరికి చెయ్యి ఊరుకోలేదేంటయ్యా? మంచి పార్టు లాగేసి పాతది తగిలించేవు. నీ తర్వాత ఎవరూ ముట్టుకోలేదని మా చెల్లి చెప్తంది కదా!"

నా మాటే. నా మాటతోనే కొట్టాడు.

సూర్యారావు గారు లాప్‌టాప్ మూత వేసి తిరగేశారు. జేబులోంచి చీటీ తీసి, రాసి, ఎప్పటిలాగే అడుగున, పాత చీటీ మీదే అంటించి వెళ్ళిపోయారు. కాఫీ ముట్టలేదు.

అన్నయ్య మాట కొబ్బరి వ్యాపారుల దగ్గర మొదలై కొత్తపేటంతా తిరిగింది. పార్టులు మార్చేస్తాడట అన్నారు. ఏడాది తిరక్కుండా ఆ షాపు మూతపడింది. ఆయన ఎక్కడికి వెళ్ళారో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

ఎందుకు ఊరుకున్నాను? ఇంట్లోంచి పొమ్మంటారన్న భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అన్నయ్య అలాంటివాడు కాదు. నవ్వుతారని భయం. అంతే. "అత్తా, నువ్వు ముట్టుకోకు, నీకు తెలీదు," అని మేనకోడలు ముందే చెప్పింది. చదువురాని మొద్దు అనిపించుకోవడం ఇష్టం లేక, ఒక మంచి మనిషిని నలుగురిలో దొంగ అనిపించాను. ఆయన కొత్తపేటలో ఉన్న ఆ ఏడాదిలో ఎన్నిసార్లు బజారుకు వెళ్ళలేదు? ఎన్నిసార్లు ఆ షాపు ముందునుంచి తల వంచుకుని నడవలేదు?

అన్నయ్య పోయాడు. ఆ తర్వాత సాయంత్రం బడిలో నాకు చదవడం, రాయడం వచ్చాయి. మొన్న అటక సర్దుతుంటే, పాడైందని మేనకోడలు వదిలేసిపోయిన ఆ లాప్‌టాప్ కనిపించింది. తిరగేశాను. చీటీ పసుపుపచ్చగా మారి అలాగే ఉంది. కూడబలుక్కుని చదివాను.

"లెన్సుకు కొబ్బరినూనె అంటింది. పార్టు మార్చలేదు. తెలియక పూసి ఉంటారు. ఎవరినీ ఏమీ అనవద్దు."

ఆయనకు తెలుసు. నేను గుమ్మంలో అబద్ధమాడుతున్నప్పుడే తెలుసు. పైకి ఎందుకు అనలేదో ఇప్పుడు అర్థమవుతోంది. అర్థం కాకపోయినా బాగుండేది. చదువొచ్చిన ముగ్గురున్న ఇంట్లో, షాపు చీటీయే కదా అని ఒక్కరూ దాన్ని తిరగేసి చూడలేదు.

సూర్యారావు గారు ఉన్నారో లేరో తెలియదు. చీటీ అడుగున కాస్త ఖాళీ ఉంది. పెన్సిలు తీసుకుని, "నూనె పూసింది నేను" అని రాసి, కింద నా పేరు పెట్టాను. మీ ముందు పేరు పెట్టే ధైర్యం ఇంకా రాలేదు. అయినా ఊపిరి కొంచెం తేలికైంది.

లాప్‌టాప్‌ను మళ్ళీ అటక ఎక్కించలేదు. హాల్లో బల్ల మీద, చీటీ పైకి కనబడేలా బోర్లా పెట్టాను. వదిన కళ్ళజోడు కోసం రోజూ ఆ బల్ల దగ్గరికే వస్తుంది.