మామకు సూది వేసిన రోజు

నాకు మూడో నెల. నా రక్తంలో తలసీమియా లక్షణం ఉందట. నాకేమీ కాదుగానీ, భర్తకూ ఉంటే బిడ్డకు పెద్ద జబ్బు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. నేను చేసుకున్నది మా అమ్మ తమ్ముడినే. అందుకే భయం.

ఈ రోజు పొద్దున్నే వడమాలపేట నుంచి మామను తిరుపతికి తీసుకెళ్లాను. పశువుల పండగలో పరిగెత్తే ఎద్దు కొమ్ములకు కట్టిన పలక లాక్కునే మనిషి, సూది చూడగానే వెనక్కి జరిగాడు.

"ఇద్దరిదీ ఒకే రక్తం గదమ్మా. ఆ పిల్లదే ఇంకొంచెం తీసుకోండి" అన్నాడు నర్సుతో.

"కడుపుతో ఉండేది ఆ పాప. కండ్లు మూసుకునేది నువ్వా నాయనా?" అంది ఆమె.

నలుగురిలో నోరు విప్పని నేను కూడా నవ్వేశాను.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. మామకు ఆ లక్షణం లేదు.

"ఇంక పెద్ద జబ్బు భయం లేదు. మహా అయితే బిడ్డ నీ మాదిరి ఉంటుంది" అంది డాక్టరమ్మ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈమె మాదిరా? అట్లయితే ఇంట్లో మాట్లాడేదానికి నేనొక్కణ్ణే ఉండాల" అన్నాడు మామ.

సూది సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని బస్సులో ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు, రాశానంతే. మీ ఇళ్లలోనూ ఇలాంటి ధైర్యవంతులు ఉన్నారా?