సెనేటర్‌ మెడలో ఎర్ర శాలువా

ఎవరో ఒక నాయకుడు పార్టీ మారతాడా మారడా అని పనులన్నీ మానుకుని కూర్చోవడం మా అత్తవారింటి జబ్బు. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ నాకు అంటలేదు. అమెరికా వచ్చాక, అదీ మంచు మోకాళ్ళదాకా పడ్డ ఒక చలికాలంలో, గట్టిగా అంటుకుంది.

గుంటూరులో నేను పళ్ళ డాక్టర్ని. ఇక్కడ పళ్ళ డాక్టరు పక్కన కూర్చుని రోగి నోట్లో ఉమ్మి లాగే సక్షన్ పైపు పెట్టే అసిస్టెంట్‌ని. ఇక్కడి పరీక్షలన్నీ పాసయ్యాను. అయినా మళ్ళీ కాలేజీలో చేరి చదివితే తప్ప లైసెన్స్ ఇవ్వరట. ఆ చదువు అక్కర్లేదు, కొన్నాళ్ళు ఇంకో డాక్టరు అజమాయిషీలో వైద్యం చేస్తే చాలని మా రాష్ట్ర సెనేట్‌లోకి ఒక బిల్లు వచ్చింది. వచ్చి, ఒక కమిటీలో ముసుగు తన్ని పడుకుంది. ఆ కమిటీ ఛైర్మన్ దాన్ని లేపడు. ఛైర్మన్ మారాలంటే సభలో పెత్తనం మారాలి. పెత్తనం నీలం పార్టీది, అదీ ఒకే ఒక్క సీటు ఎక్కువుండి.

సరిగ్గా అప్పుడే మా ఏరియా సెనేటర్, నీలం పార్టీ ఆయనే, సొంత నాయకుడితో పోట్లాడి "నా దారి నేను ఆలోచించుకుంటున్నాను" అన్నాడు. లోకల్ న్యూస్‌లో అదే గోల. ఈయనొక్కడు అవతలి ఎర్ర పార్టీలోకి వెళ్తే చాలు, సభ మొత్తం తారుమారవుతుంది. నాయకుడు మారతాడు, కమిటీల ఛైర్మన్లందరూ మారతారు, చివరికి ఎవరు ఏ గదిలో కూర్చోవాలో కూడా మారుతుంది. నా బిల్లుకి మెలకువ వస్తుంది.

మామయ్యగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. ఆర్నెల్లుందామని వచ్చి, కిటికీలోంచి మంచుని తిట్టుకుంటూ కాలం గడుపుతున్నారు. దానికి తోడు ఆయన దవడ పన్ను ఒకటి కదులుతోంది. మా క్లినిక్‌కి రమ్మంటే ససేమిరా అన్నారు. "నా కోడలు పక్కన పైపు పట్టుకుని కూచుంటే వేరేవాడు నా పన్ను పీకుతాడా? నాకక్కర్లా" అని ఒకవైపే నములుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

సెనేటర్ వార్త వినగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఎర్ర పార్టీ అంటే కమ్యూనిస్టులా?"

"అబ్బే, పూర్తిగా రివర్స్ మామయ్యా."

"సర్లే. ఏ రిసార్ట్‌లో పెట్టారు?"

"ఎవర్ని?"

"ఆ సెనేటర్ని."

"ఎక్కడా పెట్టలేదు. ఇంట్లోనే ఉన్నాడు. నిన్న గ్రోసరీలో అరటిపళ్ళు కొంటూ కనపడ్డాడు."

"కాపలా లేకుండానా!" గుండె మీద చెయ్యేసుకున్నారు మామయ్య. "ఇట్టా గాలికొదిలేస్తే అవతలోళ్ళు ఎత్తుకుపోరూ?"

మా ఆయన కల్పించుకుని, ఇక్కడ పార్టీ మారితే పదవేమీ పోదని, మళ్ళీ ఎన్నికలదాకా అదే సీట్లో దర్జాగా కూర్చోవచ్చని చెప్పాడు.

"అనర్హత వేటు లేదా?"

"లేదు నాన్నా."

"మరి ఇన్నేళ్ళూ దూకకుండా ఏం చేస్తున్నార్రా వీళ్ళు?"

ఆ వారం ఇంట్లో పండగే. పొద్దున లేవగానే మామయ్య టీవీ పెట్టేవారు, నేను గరిటె పట్టుకుని వచ్చి పక్కన నిలబడేదాన్ని. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. డ్రైవ్ చేస్తూ ఎగ్జిట్ దాటేసి పక్క ఊరిదాకా వెళ్ళాను. నాకు ఊరికే నవ్వొచ్చేది. ఇన్నేళ్ళ తర్వాత ఆశ అనేది మళ్ళీ తగిలితే మనిషి కాస్త పిచ్చిగానే ఉంటుంది మరి.

ఆ సెనేటర్ శనివారం పొద్దున లైబ్రరీలో జనంతో కూర్చుని కాఫీ తాగుతాడని తెలిసింది. ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చట. ముగ్గురం బయల్దేరాం. "నువ్వు సైలెంట్‌గా కూర్చో నాన్నా" అని మా ఆయన దారంతా చెప్పాడు. మామయ్య "ఊఁ" అన్నారు. ఒళ్ళో ఒక సంచి ఉంది. స్వెటరేమో అనుకున్నాను.

అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన ఇంగ్లీషంతా నా వంతు వచ్చేసరికి ఎగిరిపోయింది. "నాకు పళ్ళు పీకడం వచ్చు. దయచేసి నన్ను పీకనివ్వండి" అనేశాను. సెనేటర్ పగలబడి నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుని, బిల్లు సంగతంతా ఓపిగ్గా విన్నాడు. ఆ ఛైర్మన్ ఈమధ్య తన మాట కూడా వినడం లేదన్నాడు. మనిషి మంచివాడనిపించింది.

అప్పుడు లేచారు మామయ్య. సంచిలోంచి తీసింది స్వెటర్ కాదు, జరీ అంచు ఎర్ర శాలువా. విదేశంలో ఎవరికో ఒకరికి కప్పాల్సి రాకపోదని ఊరినుంచి వచ్చేటప్పుడే ఒకటి పెట్టెలో పడేసుకుంటారు. రెండు చేతులా విప్పి, సెనేటర్ మెడచుట్టూ నిండుగా కప్పి, దండం పెట్టారు. ఆయన మొహం విప్పారింది. పైగా లైబ్రరీలో చలి, దాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. వద్దు నాన్నా అనాల్సిన మా ఆయన ఫోటో తీశాడు. శాలువా కనపడితే తెలుగువాడి ఫోన్ దానంతటదే బయటికి వస్తుంది.

ఇంటికొచ్చాక మామయ్య ఆ ఫోటోని తన పేరెంట్స్ వాకింగ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. కింద రెండే మాటలు: "కండువా పడింది!" మన దగ్గర ఆ మాటకి అర్థం చిన్నపిల్లలకి కూడా తెలుసు. మధ్యాహ్నానికి ఇంకో రాష్ట్రం నుంచి మా ఆయన కజిన్ ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పాడు. సాయంత్రానికి, అర్థంతో సహా ఆ ఫోటో చేరిన ఒక విలేకరి సెనేటర్ ఆఫీస్‌ని అడిగాడట, ఆయన లైబ్రరీలో ఎర్ర పార్టీలో చేరిన మాట నిజమేనా అని.

లైబ్రరీలో నా నంబరు రాసుకున్న, ఆ ఆఫీస్‌లో పనిచేసే అమ్మాయి నాకు ఫోన్ చేసింది. శాలువా కప్పడం మా మర్యాద అని చెప్పాను. "మీ దేశంలో ఒక నాయకుడి మెడలో పార్టీ రంగు బట్ట వేస్తే ఏమిటర్థం?" అని అడిగింది.

ఫోన్ పెట్టేసి, మామయ్య మీద మొదటిసారి గొంతు పెంచాను. "నా బిల్లు కనీసం మంచం మీదుంది. మీరు ఏకంగా పాడె కట్టేశారు!"

ఆయన ఆ పూట పెరుగన్నం ఒక్కటే, ఒకవైపే నమిలి లేచారు. నాకు జాలేసింది గానీ కోపం మాత్రం తగ్గలేదు.

నాలుగైదు రోజులకి అదే అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో నవ్వుంది. ఆ ఫోటో చూసి నీలం పార్టీ నాయకుడికి గుండె జారిందట. స్వయంగా మంచులో కారేసుకుని సెనేటర్ ఇంటికి వచ్చాడట. ఉండటానికి ఏం కావాలో చెప్పమంటే, సెనేటర్ అడిగినవాటిలో మా బిల్లు కూడా ఉందట. కమిటీ దాన్ని విచారణకి తీసుకుంటోంది!

నేను కేక పెట్టాను. మామయ్య చేతులు పట్టుకుని హాల్లో గిరగిరా తిప్పాను.

"ఆగమ్మాయ్, కళ్ళు తిరుగుతున్నయ్. ఇంతకీ దూకాడా?"

"లేదు మామయ్యా, ఉండిపోయాడు!"

మామయ్య మొహం వాడిపోయింది. "అంతేలే, దూకేశాక ఎవరడుగుతారు? దూకుతాడేమో అన్నన్నాళ్ళే గిరాకీ" అన్నారు.

బిల్లు పాసై చట్టం అయ్యేలోపు ఆయన తిరిగి వెళ్ళిపోయారు. మరుసటి చలికాలం మళ్ళీ వచ్చారు, అదే కదిలే పన్నుతో. ఊళ్ళో పీకించుకోకూడదా అంటే, "నా కోడలుండగానా?" అన్నారు.

నాకు డాక్టరుగా మొదటి రోజు. మొదటి పేషెంట్ ఆయనే. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచారు. నేను గ్లవ్స్ వేసుకుని, అలవాటు కొద్దీ ఎడమవైపు స్టూల్ మీద కూర్చుని పైపు చేతిలోకి తీసుకున్నాను. అసిస్టెంట్ ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయింది.

మామయ్య నోరు మూసి, వేలితో కుడివైపు డాక్టరు స్టూల్ చూపించారు.

"ఆ సెనేటర్ ఎటూ దూకలేదు. నువ్వన్నా అటు దూకమ్మా."

పైపు ఆ అమ్మాయి చేతికిచ్చి, భుజానికి కళ్ళు ఒత్తుకుని, కుర్చీ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను.