పెదనాన్న దించిన శ్రుతి

అనకాపల్లిలో నా చిన్నప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా చర్చిలో బల్లలు లేవు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, పిల్లలు ముందు వరుసలో చాపల మీద కూర్చునేవారు. కీర్తన పల్లవి నేనొక్కణ్ణే ఎత్తుకునేవాణ్ణి. గొంతు సన్నగా ఖంగుమని మోగేది. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేదని ఒప్పుకోవాలి.

పదమూడో ఏట ఒక ఆదివారం, పల్లవి మధ్యలో ఆ గొంతు కాస్తా బొంగురుపోయి, కీచుమని పైకి లేచి, ఆగిపోయింది. పిల్లలంతా కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఇంటికొచ్చి అమ్మ మీద చూపించాను, అన్నం కంచం తోసేశాను. అసలు అప్పటికి కొన్నాళ్ల నుంచే నేనలా తయారయ్యాను. ఊరికే ఉక్రోషం, ఊరికే ఏడుపు. నిన్నటిదాకా గోళీలాడిన స్నేహితులు పసిపిల్లల్లా కనిపించేవారు. పెద్దవాళ్ల మధ్యకు పోతే వాళ్లు పొమ్మనేవారు. ఇక జన్మలో పాడనని చెప్పేశాను.

మరుసటి ఆదివారం అమ్మ బలవంతం మీద వెళ్లాను గానీ, గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చున్నాను. మా పెదనాన్న బెల్లం మార్కెట్‌లో తూకం వేసేవాడు; చర్చిలో పాటలు నడిపేదీ ఆయనే. నా వైపు ఒకసారి చూసి, కీర్తన తానే ఎత్తుకున్నాడు. ఎంత కింది శ్రుతిలోనంటే, పిల్లల గొంతులు అందక మూతపడ్డాయి, ఆడవాళ్లు తడబడ్డారు.

మా మేనత్త ఉండబట్టలేక, "ఏటన్నయ్యా, నూతిలో కూకున్నట్టు పాడతన్నావు?" అంది.

"ఏటి సెయ్యను సెల్లీ, ఈయేళ నా గొంతు ఇంతే పలుకుతన్నాది," అన్నాడాయన. పచ్చి అబద్ధం. ఆయన కేకేస్తే మార్కెట్లో పది కొట్ల అవతలికి వినిపించేది.

రెండో చరణానికి నాకు తెలియకుండానే గొంతు కలిపాను. ఎక్కడా విరగలేదు. నాలోంచి ఎవరో పెద్దమనిషి పాడుతున్నట్టు భయమూ వేసింది, సంతోషమూ వేసింది. పెదనాన్న పాట ఆపకుండా కొంచెం జరిగి, మగవాళ్ల వైపు తన పక్కన చోటు చూపించాడు. వెళ్లి కూర్చున్నాను.

ఇంటికి వస్తుంటే అన్నాడు: "గొంతు పోయిందనుకున్నావేట్రా? పోలేదు, దిగింది. కోపమూ దిగుతాది. మీ అమ్మకి మాత్రం తప్పయిందని ఈయేళే సెప్పు."

చెప్పాను.

ఇప్పుడు పాటలు నడిపేది నేను. పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడెవడైనా ఉన్నట్టుండి విసుక్కుని దూరంగా కూర్చుంటే కారణం అడగను, బుద్ధులు చెప్పను. శ్రుతి దించుతాను. ఆడవాళ్లు సణుగుతారు, సణగనిస్తాను. మూడో వారానికో నాలుగో వారానికో వాడే వచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఇంతవరకు రానివాడు లేడు.