రాయమల్లు ఇంటి లైను

కాశిబుగ్గలో ఆ గల్లీకి ఇంటర్నెట్ ఇచ్చేది మొగిలి. పన్నెండేళ్ళు కేబుల్ టీవీ వైర్లు లాగి లాగి, అదే చేత్తో రౌటర్లు బిగించడం మొదలుపెట్టాడు. వీధిలోంచి వచ్చే వైరు నీలం పోర్టులో, ఇంట్లో వైర్లు పసుపు పోర్టుల్లో. అలా ఎందుకని ఎవరైనా అడిగితే "కంపెనీ రూల్" అనేవాడు. తెలియదనడం ఆయన ఇంటావంటా లేదు.

దసరాకు ఆయుధపూజ చేశాడు. కటింగ్ ప్లేయరు, నిచ్చెన, చివరికి తన ఇంటి రౌటరు కూడా వైర్లు ఊడదీసి తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, మళ్ళీ బిగించాడు. కాసేపటికే గల్లీలో నెట్ పోయింది. గల్లీ వైర్లన్నీ కలిసే స్విచ్ డబ్బాను ఆపి, మళ్ళీ వేస్తే నాలుగిళ్ళకు వచ్చింది, మిగతావాళ్ళకు రాలేదు. జనం మీదికొచ్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మొగిలికి రాయమల్లు గుర్తొచ్చాడు. జంపఖానాలు నేసే ఆ ముసలాయన మొన్ననే తన రౌటరును సొంతంగా మగ్గం గదిలోకి మార్చుకున్నాడు.

"తెల్వని పనిల ఏలు పెట్టుడెందుకు కాకా? గల్లీ మొత్తం ఖరాబ్ చేసినవ్!" అని నలుగురి ముందూ అరిచి, ఆయన లైను పీకేశాడు.

"రేపు పొద్దుగాల సరుకు కొనే సేటు వీడియో కాల్‌ల జంపఖానాలు చూస్తనన్నడు బిడ్డా. జర ఒక్కరోజు ఉంచు," అని రాయమల్లు బతిమాలాడు. మొగిలి వినలేదు.

మర్నాడు మధ్యాహ్నానికీ నెట్ కుదురుకోలేదు. విసిగి, హనుమకొండలో తెలిసిన నెట్ మెకానిక్ భానుచందర్‌కు ఫోన్ చేశాడు.

"ప్రతి ఫోనుకు, ప్రతి రౌటరుకు ఒక నంబర్ కావాలె అన్నా. గల్లీకి ఆ నంబర్లు పంచెటోడు ఒక్కడే ఉండాలె. ఎవలింట్లనన్న వీధి వైరు పసుపు పోర్టుల పెడితే, ఆ ఇంటి రౌటర్ గల్లీకంత తప్పుడు నంబర్లు పంచుతది. ఇల్లిల్లు చూడు."

ఇల్లిల్లూ చూశాడు. ఎక్కడా తప్పు లేదు. చివరికి తన ఇంట్లో చూస్తే, బొట్టు పెట్టిన రౌటరుకు వీధి వైరు పసుపు పోర్టులో ఉంది. వైరు మార్చగానే గల్లీ అంతా నెట్ వచ్చింది.

"ఆ రాయమల్లుతోనే గదా ఇంత లొల్లి," అన్నారు జనం. మొగిలి నోరు తెరవలేదు. నోరు తెరవనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లైను కలపడానికి వెళితే రాయమల్లు లేచి కుర్చీ వేశాడు. "తప్పు నాదే బిడ్డా. పొద్దుగాల అందరిండ్లకు పొయ్యి మాఫ్ జెయ్యమని అడిగొచ్చిన. సేటు వేరేకాడ కొనుక్కున్నడట, పోనీ తియ్యి."

మొగిలి సిగ్గుతో చితికిపోయాడు. కుర్చీలో కూర్చోలేదు. "ఏయే ఇండ్లకు పోయినవ్ కాకా?"

"ఎందుకు బిడ్డా?"

"వైరు తప్పు పెట్టింది నేను. ఆ ఇండ్లన్నిటికి ఇప్పుడు నేను పోవాలె."

మొదటి ఇంట్లో సావిత్రి తలుపు తీసింది. "నెట్ మస్తొస్తాంది మొగిలన్నా!" అంది నవ్వుతూ. మొగిలి తలెత్తలేకపోయాడు. తప్పు తనదేనని తల దించుకునే చెప్పాడు.