రెండో కంచం

భార్య పోయాక కూడా ఇంట్లో రెండు కంచాలు పెడుతున్నానని తమ్ముడు నన్ను బెంగళూరు తెచ్చి ఈ మానసిక ఆసుపత్రిలో చేర్చాడు. రోగితో ఇంటివాళ్ళొకరు ఉండాలి కనుక తనూ ఇక్కడే ఉంటున్నాడు. ఈ రోజు ట్రంకాల్ చేయడానికి బయటికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆయా నా మంచం దగ్గర రెండు కంచాలు పెట్టింది.

"తమ్ముడు లేడమ్మా," అన్నాను.

"తెలుసప్పా. ఇది మీ ఇంటామెకు. కొళాయి కాడ చేతులు కడుక్కుంటా ఉండాది."

కొళాయి చప్పుడు వినిపించింది. అటు చూడలేదు.

ఇంటికి పంపేదీ లేనిదీ డాక్టరు రేపు తేలుస్తారు. ఆమె కనిపిస్తోందా అని అడుగుతారు. కనిపించలేదంటే అబద్ధం కాదు. ఆయాకు కనిపించిందంటే మాత్రం మందు నాకే పెంచుతారు. మీరైతే చెబుతారా?